అయ్యమ్మ హాజరీ బుక్కు

మా ఆఫీసుకు భార్యాభర్తల తగాదాలు రావు, అన్నదమ్ముల పొలం గట్లు రావు. వచ్చేవన్నీ కట్టడాల గొడవలే. వంతెన ఆలస్యమైందని ఒకడు, గోడ బీటలిచ్చిందని ఒకడు, ఒప్పందంలో లేని పని చేయించుకున్నారని ఇంకొకడు. రాయచూరు స్టేషన్ రోడ్డులో, మందుల దుకాణం పైన రెండు గదుల్లో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే పని. మా వకీలు వెంకోబరావుగారు కాంట్రాక్టు కాయితాలు తప్ప వేరే కేసు ముట్టరు. నేను ఆయన్ను రావ్‌సాబ్ అంటాను. నా పేరు గురవయ్య, గుమాస్తాను. టైపు కొట్టేది, ఫైళ్ళు కుట్టేది, కక్షిదారులను తిట్టేది అన్నీ నేనే.

తిట్టడం ఎందుకంటే, వీళ్ళు తెచ్చే కాయితాలు చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ఊళ్ళను కలిపే వంతెనలు కడతారు, ఒక్క ఉత్తరం రాయరు. అడిగితే, "సారు నోటితోటి చెప్పిండన్నా, మళ్ళ రాసియ్యమంటే బాగుంటదా" అంటారు. అదొక మర్యాద. ఆ మర్యాదతోనే కొంప ముంచుకుని మా మెట్లెక్కుతారు.

రెండేళ్ళ కిందట రావ్‌సాబ్‌కు చక్కెర జబ్బుతో చూపు మందగించింది. సన్న అక్షరాలు కనబడక, స్ఫూర్తి అనే అమ్మాయిని జూనియరుగా తీసుకున్నారు. వాళ్ళ నాన్న రాజంపేట వైపు నుంచి వచ్చి శక్తినగర్ పవర్ స్టేషన్‌లో ఉద్యోగం చేసిన మనిషి. పిల్ల క్వార్టర్లలోనే పుట్టి పెరిగింది, కంపెనీ బస్సులో బడికి పోయి వచ్చింది. నిజం చెప్పొద్దూ, మొదట్లో ఆమె నాకు నచ్చలేదు. ఫైలు ఇస్తే ఫైలంతా చదువుతుంది. వెనక గుచ్చిన టీ చీటీలు కూడా వదలదు.

ఒకరోజు ఓపిక చచ్చి అన్నాను. "అమ్మా, గిట్ల అన్నీ చదువుకుంట కూసుంటే కేసు ఎప్పుడు నడుస్తది?"

"చదవకుండా నడిపితే ఎటు పోతుందో తెలీదు కదండీ గురవయ్యగారూ" అంది, తల ఎత్తకుండానే. రెండు రోజులు నేను ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు.

మౌనేశ్ వచ్చింది అలాంటి రోజుల్లోనే. సిరవార మనిషి. సొంతంగా పెద్ద టెండర్లు వేసే తాహతు లేదు. పెద్ద కంపెనీలు పట్టిన పనిలోంచి స్లాబులు వేసే పని వరకు తీసుకుంటాడు. ఇరవై రెండు మంది కూలీల జట్టు. జట్టుకు పెద్ద అయ్యమ్మ అనే ఆడమనిషి. మగ మేస్త్రీలు కూడా ఆమె మాట జవదాటరట.

బాళగనూరు దగ్గర కాలువ మీద మూడు ఖానాల వంతెన, ఖానాకో స్లాబు. బయటి ఊరి కంపెనీ ఒకటి ఆ పని పట్టి, పైన మూడు స్లాబులు వేసే పని మౌనేశ్‌కు ఇచ్చింది. వేసవిలో కాలువకు నీళ్ళు ఆపుతారు. మళ్ళీ వదిలేలోపు పని ముగియాలి, ఎందుకంటే స్లాబు కింద నిలబెట్టే ఊతాలన్నీ కాలువ అడుగునే ఉంటాయి. రెండు వేల ఇరవై మూడు జూలైలో పని ముగిసింది. నీళ్ళు వచ్చాయి, బండ్లు తిరిగాయి. ఆర్నెల్లకు మూడో స్లాబు నడుమ బీటలిచ్చి కుంగింది.

కంపెనీ తప్పంతా మౌనేశ్ మీదకు తోసింది. నాసి పని చేశాడు, నల్ల జాబితాలో పెడతాం అని నోటీసిచ్చింది. ఆ జాబితా ఒక్క కంపెనీ బీరువాలో ఉండిపోదు. చేతులు మారి ఈ చుట్టుపక్కల పనులు పట్టే అందరికీ చేరుతుంది. ఒప్పందం ప్రకారం తగవు కోర్టుకు పోకుండా ఆర్బిట్రేటరు ముందుకు, అంటే ఇద్దరూ ఒప్పుకున్న మధ్యవర్తి ముందుకు వెళ్ళింది. ఆయన మహదేవప్ప, రిటైరైన చీఫ్ ఇంజనీరు. మౌనేశ్‌దే తప్పని ఆయన రాస్తే, ఈ జిల్లాలో అతనితో పిట్టగోడ కూడా ఎవరూ కట్టించరు. అతని వెనక ఇరవై రెండు ఇళ్ళ పొయ్యిలున్నాయి.

"మూడో స్లాబు మేం పొయ్యలేదన్నా" అన్నాడు మౌనేశ్, నా బల్ల ముందు నిలబడి. "మాకు ఛుట్టీ ఉన్న దినం వాళ్ళే పోసుకున్నరు. మర్నాడు పోయి చూస్తే నిండి ఉండె. నీళ్ళు వదుల్తున్నరంట, తొందరైంది, మేమే పోసినం అన్నడు ఇంజనీరు సారు. మంచిగైంది, మాకు చాకిరీ తప్పింది అనుకుంటిమి."

"రాసిచ్చిండా?"

"లేదన్నా."

ఎందుకిస్తాడు. ఇటు కంపెనీ దాఖలు చేసిన రిజిస్టరులో మాత్రం మూడో స్లాబు పేజీ చక్కగా ఉంది. జూలై పదిహేడు, సోమవారం, మౌనేశ్ జట్టు, ఇరవై రెండు మంది. అడుగున మౌనేశ్ సంతకం.

"ఇది నీ సంతకమేనా?"

"నాదే అన్నా. బిల్లు చేసే దినం నలభై పేజీలు ముందల పెట్టి చెయ్యమన్నరు. చేసిన."

"చదివినవా?"

"సారు ముందల కూసొని ఒక్కొక్క పేజీ చదివితే, ఆయన మీద నమ్మకం లేనట్ల ఉంటది గదన్నా."

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నా తల కాదు, అతనిది. "మీకు ఛుట్టీ ఎప్పుడు?" అని అడిగాను. "ఆదివారమన్నా" అన్నాడు. "జూలై పదిహేడు సోమవారం కదా మరి?" అన్నాను. మౌనేశ్ నీళ్ళు నమిలాడు. "ఏమోనన్నా. ఛుట్టీ ఉండె. అంతవరకు నాకు తెలుసు" అన్నాడు. అబద్ధమాడేవాళ్ళు దొరికిపోయినప్పుడు ఎలా ఉంటారో అలాగే ఉన్నాడు. నేను అతన్ని నాలుగు చివాట్లు పెట్టి పంపేసి, లోపలికి వెళ్ళి రావ్‌సాబ్‌తో అదే చెప్పాను. "రాజీకి పొమ్మను గురవయ్యా. సంతకం పెట్టినంక మనం మాత్రం ఏం చేస్తం" అన్నారాయన, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

స్ఫూర్తి ఒక మూల కూర్చుని ఇదంతా విన్నది. "ఛుట్టీ అని రెండుసార్లు అన్నాడండీ" అంది. "సోమవారమని మీరు చెప్పాక కూడా మాట మార్చలేదు. అబద్ధమైతే ఈపాటికి ఇంకో కథ చెప్పేవాడు." ఇంట్లో ఉన్న కాయితాలన్నీ తెమ్మని మౌనేశ్‌కు ఫోను చేయించింది.

అతను సిమెంటు సంచీ నిండా తెచ్చి కుమ్మరించాడు. డీజిలు చీటీలు, ఇనుము తూకం చీటీలు, ఎవరిదో పెళ్ళి పత్రిక, అన్నిటికీ అడుగున అట్ట ఊడిపోయిన పొడుగాటి నోటుబుక్కు. అది అయ్యమ్మ రాసే హాజరీ బుక్కు. రాసే అంటే, ఆమెకు చదువు రాదు. పక్కన ఇరవై రెండు పేర్లు ఎవరో రాసి పెట్టారు. పనికి వచ్చిన మనిషికి ఆ తారీఖు గడిలో ఆమె నిలువు గీత గీస్తుంది. సగం పూట చేస్తే సగం గీత, వానకు పని ఆగితే సున్న. ఒక జట్టు పది నెలల చెమట ఆ గీతల్లో ఉంది. అప్పుడు నాకు అలా అనిపించలేదు లెండి.

"చదువు రాని మనిషి గీతలు ఎవరు చూస్తరమ్మా" అని దాన్ని పక్కకు పెట్టబోయాను. స్ఫూర్తి నా చేతిలోంచి తీసుకుని సంచిలో వేసుకుని శక్తినగర్ బస్సెక్కింది.

మూడో రోజు పొద్దున్నే వచ్చి ఆ బుక్కు నా బల్ల మీద తెరిచింది. నేను ఫైలు కుడుతున్నాను.

"గురవయ్యగారూ, ఆదివారాలు కాకుండా నెలకు ఇంకో రోజు ఎవరికీ గీత లేదు. వాన సున్న కూడా లేదు. ఒక నెల మంగళవారం, ఒక నెల గురువారం. లెక్కేస్తే ఇరవైతొమ్మిది ముప్పై రోజులకోసారి వస్తోంది. ఏమిటండీ ఇది?"

నేను వెనక్కి తిరక్కుండానే విసుక్కున్నాను. "అమాస గదమ్మా. అమాస నాడు మేస్త్రీలు కాంక్రీటు ముడుతరా? గిది కూడ తెల్వదా?"

అన్నాను కానీ, సూది నా చేతిలోనే ఆగిపోయింది.

ఆమె అప్పటికే ఫోనులో పంచాంగం తెరిచింది. జూలై పదిహేడు, ఆషాఢ అమావాస్య.

ఆ తారీఖు నా చేత్తో నేనే మూడుసార్లు టైపు కొట్టాను. ఈ ఊళ్ళో పుట్టిపెరిగినవాణ్ణి. మా ఇంటి మీద గది స్లాబు అమాస అడ్డం వచ్చిందని మేస్త్రీ ఒకరోజు ఆపితే, నోరు మూసుకుని ఆగినవాణ్ణి. అంత తెలిసిన విషయం గనకే నాకు కనబడలేదు. పవర్ స్టేషన్ అమాస అని ఆగదు కనుక, క్వార్టర్లలో పెరిగిన ఈ పిల్లకు ఆ ఖాళీ గడి వింతగా కనిపించింది, అడిగింది. నాకు సిగ్గేసింది. మౌనేశ్‌ను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి.

వెంటనే అతనికి ఫోను కొట్టాను. "జూలై పదిహేడు అమాసంట గదరా."

"ఔనా? మరి గందుకే ఛుట్టీ అన్నా."

"ముందుగాల ఆ మాట చెప్పనీకేమైంది?"

"రెండేండ్ల కిందటి తారీఖు నాకేం యాదుంటదన్నా. ఛుట్టీ అంటే మీరే సమజైతరనుకుంటి."

నేను ఫోను పెట్టేశాను.

రిజిస్టరు పేజీ తరవాత కూర్చుని అల్లినదే. అల్లినవాడు ఎక్కడో ఆఫీసులో కూర్చుని, పోసిన తారీఖు పక్కన మౌనేశ్ జట్టు పేరు రాశాడు, అది అమాస అని చూసుకోలేదు. కేసు గెలిచినట్టేనని నేను మిర్చీ బజ్జీలు తెప్పించాను. స్ఫూర్తి ఒక్కటి కూడా ముట్టలేదు. మే నెల పేజీ తిప్పి నా ముందు పెట్టింది. మే పంతొమ్మిది, శుక్రవారం. అది కూడా అమావాస్యే. ఆ గడిలో మాత్రం ప్రతి పేరుకూ గీత ఉంది. ఒకటి కాదు, రెండేసి గీతలు. అమాస నాడు పని ముట్టని జట్టు ఆ అమాసకు మాత్రం ముట్టింది.

చేతిలో ఉన్న బజ్జీ మళ్ళీ పొట్లంలో పెట్టేశాను.

మర్నాడు అయ్యమ్మను పిలిపించాం. యాభై దాటిన మనిషి, సిమెంటు తిని పగిలిన వేళ్ళు. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడింది.

"చేసినం లాయరమ్మా. ఒక్కసారి చేసినం" అంది. "అది మొదటి స్లాబు. కాంక్రీటు పంపు మిషను ఆ దినమొక్కటే దొరికిందని ఇంజనీరు సారు, మహాంతేశ్ సారు, సిరవారల మా ఇంటికొచ్చి కూసున్నడు. మా దిక్కు పిల్లగాడే. అమాస సంగతి తెల్వనోడు గాదు. నేను మూడు మాటలడిగిన. టెంకాయ నువ్వు తేవాలె, మనిషికి రెండు హాజరీలు, అంటే రెండు దినాల కూలి, ఇయ్యాలె, పని అయ్యేదాంక నువ్వు ఆడనే నిలవడాలె అన్న. ఒప్పుకున్నడు. నిలవడ్డడు గూడ. అందుకే రెండేసి గీతలు."

ఆమె వెళ్ళిపోయాక నేను తలుపు దగ్గరగా వేశాను. ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి నాకు గొప్పగా ఏమీ లేదు.

"అమ్మా, బుక్కు కుట్టు ఊడిపోయే ఉంది. మే నెల కాయితాలు లేకుంటే ఎవనికి తెలుస్తది? అమాస నాడు ఎప్పుడూ ముట్టలేదని అయ్యమ్మతోటి ఒక్క మాట చెప్పిస్తే అయిపాయె."

స్ఫూర్తి నన్ను కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "ఆమె గీసిన గీతలు కొన్ని మనమే చింపేస్తే, మిగిలినవి నిజమని ఏ మొహంతో చెప్తామండీ? పెడితే బుక్కు మొత్తం పెడదాం" అంది.

"ఇమాన్‌దారీ మంచిదేనమ్మా. మౌనేశ్ కొంప మునిగితే?"

ఆమె పెన్ను మూత పెడుతూ తీస్తూ ఉంది. "మునిగితే నా చేతిలోనే మునుగుతుంది. నాకు తెలుసండీ" అంది చివరికి.  భయపడుతోందని అప్పుడు అర్థమైంది నాకు. భయం లేనివాళ్ళు ధైర్యంగా ఉండటం ఏమంత గొప్ప. ఆ పిల్ల భయపడుతూనే ఆ బుక్కు మొత్తానికి నంబర్లు వేసింది, మే నెలతో సహా. దాంతోపాటు ఇంకో పని చేసింది. మే, జూలై నెలల కూలీల హాజరీ పట్టీలు కంపెనీ దగ్గరివి తెప్పించమని మహదేవప్పగారికి దరఖాస్తు పెట్టింది. కంపెనీ ఇచ్చింది. అందులో ఏముందో వాళ్ళూ చూసుకున్నట్టు లేరు.

విచారణ రాయచూరులోనే, ఒక లాడ్జి మీటింగు హాల్లో. నడుమ మహదేవప్పగారు, ఒక పక్క బెంగళూరు నుంచి వచ్చిన కంపెనీ వకీలు, ఇంకో పక్క మేము. మహదేవప్పగారు సింధనూరు వైపు మనిషి, తెలుగు బాగా వచ్చు. అయ్యమ్మ ఈసారి కుర్చీలో కూర్చుంది, అంచు మీద. మౌనేశ్ గోడకు ఆనుకుని, రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు.

కంపెనీ వకీలు మంచి తెలివైనవాడు. బుక్కు తిప్పి తిప్పి, నేరుగా మే నెల దగ్గర ఆగాడు.

"అమావాస్య నాడు మీవాళ్ళు పని ముట్టరని కదా మీ వాదన. మే పంతొమ్మిది ఏమిటి?"

"అమాస."

"ఆ రోజు పని చేశారా లేదా?"

అయ్యమ్మ ఒకసారి స్ఫూర్తి వైపు చూసింది. స్ఫూర్తి కళ్ళు దించుకుని కాయితం చూస్తోంది. ఏమీ సైగ చేయలేదు.

"చేసినం" అంది అయ్యమ్మ.

"అంటే అవసరమైతే అమావాస్య నాడు కూడా చేస్తారు. జూలైలో కూడా అలాగే చేసుంటారు. నాకింకేమీ అడిగేది లేదు" అని వకీలు కూర్చున్నాడు. మౌనేశ్ తల వాలిపోయింది. ఆ బుక్కులోంచి నాలుగు కాయితాలు చింపనివ్వనందుకు స్ఫూర్తి మీద నాకు పట్టలేనంత కోపం వచ్చింది.

స్ఫూర్తి లేచింది. "అయ్యమ్మగారూ, మేలో గీతలు రెండేసి ఎందుకున్నాయి?"

"అమాస నాడు ఒంటి హాజరీకి ఎవరొస్తరమ్మా? రెండు హాజరీలిస్తమంటేనే పోయినం."

స్ఫూర్తి కంపెనీ ఇచ్చిన పట్టీలు రెండూ మహదేవప్పగారి ముందు పెట్టింది. మే పంతొమ్మిది నాడు కంపెనీ లెక్కలోనూ మనిషికి రెండు హాజరీలు పడ్డాయి. అయ్యమ్మ గీతలకు సరిగ్గా సరిపోయింది. జూలై పదిహేడు నాడు కంపెనీ పట్టీలో అదే ఇరవై రెండు మందికి ఒక్కొక్క హాజరీయే ఉంది. అయ్యమ్మ బుక్కులో ఏమీ లేదు. అమాస నాడు ఒంటి హాజరీకి ఇరవై రెండు మంది వచ్చారట.

మహదేవప్పగారు రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. నలభై ఏళ్ళు సైట్ల మీద తిరిగిన మనిషికి వేరే చెప్పాలా. నేను చింపేద్దామన్న పేజీ ఆయన వేలి కింద ఉంది.

తరవాత సాక్షి మహాంతేశ్, కంపెనీ సైటు ఇంజనీరు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. మూడు స్లాబులూ మౌనేశ్ జట్టే పోసిందని, పోసేటప్పుడు తాను అక్కడే ఉన్నానని అఫిడవిట్ ఇచ్చాడు. పొద్దున్నుంచీ ఒక్కసారి కూడా అయ్యమ్మ వైపు చూడలేదు. స్ఫూర్తి దగ్గర ఏడు పేజీల ప్రశ్నలున్నాయి, నేనే టైపు కొట్టాను. ఆమె ఆ ఏడు పేజీలూ బోర్లించి పెట్టింది.

"మహాంతేశ్‌గారూ, మీది ఈ జిల్లానే కదా?"

"అవునండీ. లింగసుగూరు పక్కన."

"స్లాబు పోసే ముందు టెంకాయ కొడతారు. మొదటి స్లాబుకు ఎవరు కొట్టారు?"

కంపెనీ వకీలు లేవబోయాడు. మహదేవప్పగారు చేత్తోనే కూర్చోమన్నారు.

"అయ్యమ్మ" అన్నాడు మహాంతేశ్. "టెంకాయ నేనే తెచ్చిచ్చాను."

"రెండో స్లాబుకు?"

"అయ్యమ్మే."

"మూడో స్లాబుకు?"

  సిమెంటు ఎన్ని బస్తాలు, పోయడానికి ఎన్ని గంటలు అని అడిగి ఉంటే నేర్పిన జవాబులు చెప్పేవాడే. ఈ ప్రశ్నకు జవాబు అతనికి ఎవరూ నేర్పలేదు. అయ్యమ్మ కొట్టిందని అయ్యమ్మ ఎదురుగా కూర్చుని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. అతను మొదటిసారి ఆమె వైపు చూశాడు.

"ఎవరూ కొట్టలేదు మేడం" అన్నాడు. "కొట్టేవాళ్ళు ఆ రోజు రాలేదు."

మహదేవప్పగారు పెన్ను కింద పెట్టారు. "మరి పోసిందెవరప్పా?" అని మెల్లగా అడిగారు.

అప్పుడు మొత్తం చెప్పాడు. నాలుగు రోజుల్లో నీళ్ళు వదులుతారని తెలిసి, వేరే సైటు నుంచి కంపెనీ మనుషులను తెచ్చి అమాస నాడే పోయించారు. రెండు వారాలైనా ఉండాల్సిన ఊతాలు, కాలువలోకి నీళ్ళు వస్తున్నాయని మూడో రోజే పీకేశారు. వద్దని తాను చెప్పినా పైవాళ్ళు వినలేదు. రిజిస్టరు పేజీ బిల్లు దినాన తయారైంది. చెబుతున్నంతసేపూ అతని చేతులు బల్ల అంచును పట్టుకునే ఉన్నాయి.

"ఆయ్తు. చాలు" అన్నారు మహదేవప్పగారు కన్నడంలో. ఆయన గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువుంది.

బయట వరండాలో మౌనేశ్ గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటున్నాడు. నేను స్ఫూర్తి దగ్గరికి పోయాను. "అమ్మా, ఆ కాయితాలు చింపుదామన్న నోరు నాది. మాఫ్ చెయ్యి" అన్నాను. ముప్పై ఒక్క ఏళ్ళలో ఏ వకీలుకూ నేను ఆ మాట చెప్పలేదు, రావ్‌సాబ్‌కు కూడా.

"అమాస అని చెప్పిన నోరు కూడా మీదే కదండీ" అని నవ్వింది. ఆ రోజు పొద్దున్నుంచీ ఏమీ తినలేదట. మౌనేశ్ పరుగెత్తి ఇడ్లీలు తెస్తే, మెట్ల మీద కూర్చుని ఎనిమిది తిన్నది.

తీర్పు మూడు నెలలకు వచ్చింది. మౌనేశ్ తప్పేమీ లేదు, నోటీసు చెల్లదు, మూడో స్లాబు కంపెనీయే సొంత ఖర్చుతో తీసి మళ్ళీ వేయాలి. నేను చదివి వినిపిస్తే రావ్‌సాబ్ కళ్ళు మూసుకుని విన్నారు. "గురవయ్యా, ఇన్నేండ్లల్ల నేను ఎన్ని కేసులు చదవక ఓడిపోయిననో" అన్నారు. ఆ మాట అనగలిగినందుకు ఆయన మీద కూడా నాకు గౌరవం పెరిగింది.

మళ్ళీ వేసవి వచ్చి, కాలువ ఎండింది. మూడో స్లాబు వేయడానికి కంపెనీ కొత్త మేనేజరు మౌనేశ్ ఇంటికే వచ్చాడు. మౌనేశ్ ఒప్పందం తెచ్చి స్ఫూర్తి చేతిలో పెట్టి, ఆమె ప్రతి పేజీ చదివేదాకా మెట్ల మీద కూర్చున్నాడు. పోసే రోజు మమ్మల్ని రమ్మన్నాడు. రావ్‌సాబ్ రాలేకపోయారు, స్ఫూర్తీ నేనూ వెళ్ళాం.

బాళగనూరు వంతెన దగ్గరికి చేరేసరికి ఎండ ఎక్కుతోంది. మౌనేశ్ ఎదురొచ్చి జేబులోంచి కాయితం తీసి చూపించాడు. ఈ రోజు ఫలానా స్లాబు మేము పోస్తున్నామని రాసి, మేనేజరు సంతకం తీసుకున్నాడు. "చదివే చేయించినన్నా" అన్నాడు నాతో, పరీక్ష పాసైన పిల్లవాడిలా. అయ్యమ్మ కొత్త నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీ అచ్చరం మంచిగుంటదంట. పేర్లు నువ్వే రాయన్నా" అంది. నేను చింపుదామన్నది తన బుక్కునేనని ఆమెకు తెలియదు. స్ఫూర్తికి తెలుసు. ఆమె కాలువ వైపు తిరిగి నిలబడింది. నేను సిమెంటు బస్తా మీద కూర్చుని ఇరవై రెండు పేర్లూ గుండ్రంగా రాసిచ్చాను.

రోడ్డు అవతల బైకు పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మహాంతేశ్. సాక్ష్యం చెప్పిన వారానికే కంపెనీ అతన్ని పంపేసిందని, ఇప్పుడు సింధనూరులో ఇళ్ళకు ప్లాన్లు గీస్తున్నాడని మౌనేశ్ చెప్పాడు. ఎవరూ పిలవలేదు, తనే వచ్చాడు. దగ్గరికి రావడానికి మొహం చెల్లక అక్కడే ఆగిపోయాడు.

మిక్సరు పక్కన పసుపు కుంకుమ పెట్టారు. అయ్యమ్మ టెంకాయ చేతిలోకి తీసుకుంది. స్ఫూర్తికి ఇస్తుందనే అందరం అనుకున్నాం, స్ఫూర్తి కొంగు సర్దుకుని ముందుకు జరిగింది కూడా. అయ్యమ్మ ఆమె దగ్గర ఆగి, "నీ పేరు మీద ఇంట్ల కొట్టొచ్చిన లాయరమ్మా" అని, రోడ్డు దాటి మహాంతేశ్ దగ్గరికి వెళ్ళింది. మాటలు ఇవతలి దాకా వినిపించాయి.

"ఆ దినం కొట్టకపోతివి. ఇప్పుడు కొట్టు సారూ."

అతను రెండు చేతులా అందుకున్నాడు. అయ్యమ్మ వెనకే వచ్చి, వంతెన అంచున ఉన్న బండరాయి మీద టెంకాయ కొట్టాడు. ఒక్క దెబ్బకు పగిలింది. మిక్సరు తిరగడం మొదలైంది. అతను తిరిగి బైకు వైపు పోబోతుంటే అయ్యమ్మ కేకేసింది.

"యాడికి పోతున్నవ్? పని అయ్యేదాంక ఈడనే నిలవడు. హాజరీ ఏస్త."

నా చేతిలో బుక్కు ఇంకా తెరిచే ఉంది. ఆమె నా వైపు తిరిగి, "ఇంకో పేరు రాయన్నా" అంది. ఇరవై మూడో గడిలో మహాంతేశ్ అని రాశాను. అయ్యమ్మ నా పెన్ను తీసుకుని, దాని పక్కన నిలువుగా ఒక గీత గీసింది.